నీటికో గీత, కంటికో గీత

లాఫ్టు అనే ఆ హాల్లోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు. గుమ్మం పక్కన వరసగా విడిచిన చెప్పుల్ని చూసి, లోపల దేవుడి పటం ఏదో ఉందనుకున్నాను మొదటిరోజు. పటం లేదు. మిషన్లు లేవు, బల్లలు లేవు. ఉన్నదంతా నేలే. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా సందు కనబడకుండా పలకలు బిగించి, నల్లరంగు పూసి, ఎక్కడా ఎత్తుపల్లాలు లేకుండా చిత్రిక పట్టిన చెక్కనేల. దాని మీద గీతలు. అల వెనక్కి తగ్గాక తడి ఇసక మీద మిగిలే చారల్లా, ఒకదాన్నొకటి దాటుకుంటూ, కొన్నిచోట్ల దగ్గరదగ్గరగా, కొన్నిచోట్ల ఎడంగా, వందల గీతలు. మోకాళ్ళ కింద గోనెపట్టాలు వేసుకుని అయిదారుగురు వాటి మీద పాకుతున్నారు. మేస్త్రి గారు తలెత్తి చూసి, "ఓడ మీద నిలబడ్డావురా అబ్బాయ్, పక్కకి జరుగు" అన్నారు.

అది 1968. ఐటీఐలో వడ్రంగం పూర్తిచేసి, పద్దెనిమిదేళ్ళ వయసులో అప్రెంటిస్‌గా చేరిన రోజు. మా ఓడల యార్డు ఉన్న ప్రాంతాన్ని విశాఖలో ఇప్పటికీ సింధియా అనే అంటారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ కోసం వాల్‌చంద్ హీరాచంద్ తలపెట్టిన యార్డు అది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్ళలోకి జారింది. స్వతంత్రం వచ్చిన ఏడాదిలోపే మన చేతులతో కట్టుకున్న ఓడ. ఆ రోజు జనంలో నిలబడి చూసినవాళ్ళలో మా నాన్న ఒకడు. 1952లో యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. డాల్ఫిన్స్ నోస్ కొండ నీడలో, ఉప్పుగాలి మధ్య, నా ఉద్యోగజీవితమంతా అక్కడే గడిచింది.

ఇప్పుడు నా మనవరాలు ల్యాప్‌టాప్‌లో పడవలు గీస్తుంది. ఒంపు తిరిగిన పళ్ళెం లాంటి ఆకారాన్ని తెర మీద నిలబెట్టి, దాని మీద గీత గీయాలంటే ఓ మీట నొక్కుతుంది. గీత వెళ్ళి ఒంపుకి అతుక్కుంటుంది. చూడముచ్చటగా ఉంటుంది. ఆ అతుక్కోవడం వెనక ఒక హాలు ఉండేదనీ, ఆ హాల్లో కొందరు మనుషులు ఉండేవారనీ, ఒంపు మీద గీత గీయడం వాళ్ళకి బతుకుతెరువుగా ఉండేదనీ రాసిపెట్టాలని నా కోరిక. వాళ్ళలో మిగిలినవాళ్ళం చాలా కొద్దిమందిమి.

ఓడని కాగితం మీద గీస్తే చాలదా, నేలంతా ఎందుకు అని చాలామంది అడిగేవారు. డ్రాయింగ్ ఆఫీసులో ఓడని వందోవంతుకి గీశారనుకోండి. పెన్సిలు గీత మందం 0.3 మిల్లీమీటర్లు ఉంటే, అసలు ఓడ మీద అది 30 మిల్లీమీటర్లు అవుతుంది. గీతకి ఆ అంచున కోయాలా ఈ అంచున కోయాలా అన్న దగ్గరే మూడు సెంటీమీటర్ల తేడా. అలా కోసిన ప్లేట్లు ఒకదాని అంచు ఒకటి కలుసుకోవు. అందుకని ఆఫీసు నుంచి వచ్చిన కొలతల పట్టికని తీసుకుని, ఓడని మళ్ళీ మొదటి నుంచి, అసలు సైజులో, నేల మీద గీసేవాళ్ళం. పొడవు మాత్రం ఏ హాల్లోనూ పట్టదు. అందుకని వెడల్పు, ఎత్తు పూర్తి సైజులో ఉంచి, పొడవుని నాలుగోవంతుకి కుదించేవాళ్ళం. అందులో ఒక లాభం కూడా ఉంది. పొడవు కుదిస్తే ఒంపు బాగా లేస్తుంది, గీతలో ఎక్కడ తేడా ఉన్నా దాక్కోలేదు.

సొరకాయని ఎన్ని రకాలుగా కోయవచ్చో ఓడనీ అన్ని రకాలుగా కోయవచ్చు. చక్రాలుగా కోస్తే ఓడ ఎముకలు, అంటే ఫ్రేములు కనబడతాయి. నీటిమట్టానికి సమాంతరంగా పొరలుగా కోస్తే వాటర్‌లైన్లు వస్తాయి. పొడవునా నిలువుగా కోస్తే ఇంకో రకం గీతలు. ఈ మూడు కోతలనీ ఒకే నేల మీద ఒకదాని మీద ఒకటి గీస్తాం. ఓడ పైన ఉన్న ఒక చుక్క మూడు గీతల్లోనూ ఒకే చోట ఉండాలి. ఒక కోతలో గీతని అంగుళం జరిపితే మిగతా రెండిట్లోనూ జరపాలి. వాటిని జరిపితే వాటి పక్కవి కదులుతాయి. ఒక పెద్ద ఓడ గీతలు కుదరడానికి వారాలు పట్టేది. కుదిరాక కత్తిమొనతో పలక మీద చెక్కేసేవాళ్ళం. సాయంత్రం పడమటి కిటికీల్లోంచి ఎండ వాలి పడ్డప్పుడు ఆ గాట్లన్నీ ఒక్కసారి వెలిగేవి. ఆ కాసేపు పని ఆపి అందరం చూసేవాళ్ళం.

గీత గీసేది చేత్తో కాదు, బద్దతో. కణుపు లేని, నార తిన్నగా సాగిన కర్రని సన్నగా చీరి తీసిన పొడవాటి బద్ద. కొలతల ప్రకారం నేల మీద చుక్కలు పెట్టి, ప్రతి చుక్క దగ్గరా బద్దకి అటొక మేకు, ఇటొక మేకు కొడతాం. బద్దలో మేకు గుచ్చకూడదు, గుచ్చితే దాని ప్రాణం పోతుంది. రెండు మేకుల మధ్య అది తనంతట తాను వంగి నిలబడాలి. కాగితం మీద గీసేవాళ్ళకి చిన్న బద్దలు, మేకులకి బదులు ముక్కున్న సీసం దిమ్మలు ఉండేవి. బాతుల్లా ఉంటాయని ఇంగ్లీషువాళ్ళు వాటిని బాతులనే పిలిచేవారట. ఆ సన్నబద్దకి వాళ్ళు పెట్టుకున్న పేరు స్ప్లైన్.

బద్దని నిలబెట్టాక అసలు పని మొదలవుతుంది. మేస్త్రి గారు నేల మీద పడుకుని, చెంప పలకకి ఆనించి, ఒక కన్ను మూసి, బద్ద చివరి నుంచి చూసేవారు. పాతిక అడుగుల బద్ద ఆ కంటికి జానెడుగా ముడుచుకుంటుంది. ఎక్కడైనా గూనో గుంటో ఉంటే అక్కడ చూపు తట్టుకుంటుంది. "మూడో మేకు తియ్యి" అనేవారు. తీస్తే బద్ద చిన్నగా కదిలేది. ఎటు కదిలితే అటే దాని ఇష్టం. ఆ ఇష్టానికి, పట్టికలోని అంకెకి మధ్య తేడా ఎంతో కొలిచి, మిగతా రెండు కోతల్లో అది సరిపోతుందో లేదో చూసి, అప్పుడు ఒప్పుకునేవారు. అలా కుదిరిన గీతని ఆయన "తీరైన గీత" అనేవారు. ఇంగ్లీషులో దానికి ఫెయిర్ అనే మాట ఉంది గానీ, ఆ హాల్లో నేను ఎక్కువగా విన్నది తీరు అన్న మాటనే.

మేస్త్రి గారిది తాళ్ళరేవు వైపు. కోరంగి దగ్గర గోదావరి పాయల ఒడ్డున తరతరాలుగా పడవలు కట్టే వడ్రంగుల ఇల్లు. వాళ్ళ తాతకి కాగితం తెలీదు, కొలతల పట్టిక తెలీదు. ముందు ముక్కు, వెనక తోక నిలబెట్టి, మధ్యలో రెండు మూడు ఎముకలు పెట్టి, వాటి చుట్టూ బద్ద వంచి మిగతా ఎముకల ఆకారం బద్దనే అడిగేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు మేస్త్రి గారి గొంతులో గొప్ప ఉండేది కాదు, అది మామూలు సంగతి అన్నట్టు ఉండేది. ఆయన యార్డులో చేరి పూర్తి సైజు లెక్కలు, త్రిభుజాలు, ఇంచీలు, మిల్లీమీటర్లు అన్నీ నేర్చుకున్నారు. కాని అనుమానం వచ్చినప్పుడల్లా పట్టిక పక్కన పెట్టి బద్దనే అడిగేవారు.

ఒంపుల గురించి నాకు మొదటి పాఠం మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళ జరిగింది. ఎవరో పల్లీల పొట్లం తెచ్చారు. పల్లీలు అయిపోయాక మేస్త్రి గారు ఆ కాగితాన్ని నా చేతికిచ్చి, "విప్పు" అన్నారు. విప్పాను. చదునైన కాగితం. "మడత పడిందా? చిరిగిందా?" లేదన్నాను. ఆ తర్వాత కొబ్బరి చిప్ప ఒకటి నా ముందు పెట్టి, "ఇది విప్పు" అన్నారు. దాన్ని పగలగొట్టాలి, లేదా నలగ్గొట్టాలి. వేరే దారి లేదు. "ఒంపులు రెండే రకాలురా. విప్పుకునేది, విప్పుకోనిది. ప్లేటు మీద చెయ్యి వేసేముందు అది ఏ రకమో తెలుసుకో. పొట్లం అనుకుని చిప్ప మీద గీశావంటే ఇనుము నీ మాట వినదు."

చాలా ఏళ్ళ తర్వాత, ఇదే సంగతిని గౌస్ అనే జర్మన్ గణితవేత్త 1827లోనే రుజువు చేశాడని చదివాను. ఒక ఉపరితలాన్ని సాగదీయకుండా, చింపకుండా ఎంత వంచినా మారని గుణం ఒకటి దానిలో ఉంటుందని ఆయన చూపించాడు. గొట్టానికీ పొట్లానికీ ఆ గుణం విలువ సున్నా, చదును కాగితానికీ సున్నా, అందుకే అవి విప్పుకుంటాయి. బంతికి సున్నా కాదు. భూగోళం పటాన్ని అట్లాసులో ఏదో ఒకచోట సాగదీయక తప్పనిది ఇందుకే. ఆ పేజీ చదువుతున్నంతసేపూ నాకు కొబ్బరి చిప్ప వాసనే వచ్చింది.

ఓడ నడుం దగ్గరి ప్లేట్లు దాదాపు చదును. అక్కడి నుంచి ముక్కు వైపూ తోక వైపూ వెళ్ళేకొద్దీ ఒంపులు మొదలవుతాయి. కొన్ని ఒక్క దిక్కునే వంగుతాయి. వాటిని రోలర్ల మధ్య తిప్పితే చాలు. రెండు దిక్కులా వంగేవి మాత్రం చిప్ప జాతి. వాటిని చదును ప్లేటులోంచే చేయాలి, చదును ప్లేటు మీదే ముందుగా గీతలు గీయాలి. ఫ్రేము గీతల వెంట సన్నబద్దని వంచి చుట్టుకొలతలు తీసి, మూల నుంచి మూలకి కొలతలు వేసి, ఆకారాన్ని త్రిభుజాలుగా విడగొట్టి నేల మీద పరిచేవాళ్ళం. సాగే చోట ఎంత సాగుతుందో అంచనా వేసి, అంచున కొంత ఎక్కువ వదిలేవాళ్ళం. ఎంత వదలాలన్నది ఏ పుస్తకంలోనూ సరిగ్గా ఉండదు. అది ఆ ప్లేటుని వంచబోయే మనిషిని బట్టి కూడా ఉంటుంది. అందుకే మా మేస్త్రి గారు, ప్లేటు షాపు మేస్త్రి రోజుకోసారైనా కలిసి టీ తాగేవారు.

మా దగ్గర నుంచి ప్లేటు షాపుకి పన్నెండు మిల్లీమీటర్ల చెక్కతో చేసిన మూసలు వెళ్ళేవి. ఒక ప్లేటుకి నాలుగైదు మూసలు, ఒక్కొక్క ఫ్రేము దగ్గర నిలబెట్టడానికి ఒక్కొక్కటి. ప్రతి మూస మీదా మేము ఒక గీత గీసేవాళ్ళం. ప్లేటు సరిగ్గా వంగిందా లేదా అన్నది ఆ గీతే చెబుతుంది. మూసలన్నీ ప్లేటు మీద నిలబెట్టి, ఒక చివర కన్ను పెట్టి చూస్తే, ఆ గీతలన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే గీతగా కనబడాలి. ఒకటి పైకి తేలితే అక్కడ ఇంకా వంగాలి. దానికోసం మంటతో సన్నగా ఒక వరస కాల్చి, వెంటనే నీళ్ళు చల్లేవారు. కాలిన వరస చల్లారుతూ ముడుచుకుంటుంది, ప్లేటు అటు వైపు లేస్తుంది. సుత్తి దెబ్బ లేకుండా అంగుళం మందం ఇనుము కళ్ళముందే తల వంచేది. మంట ఎక్కడ వేయాలో సుద్దతో గీసేది మనిషే. ఆ గీత ఒంపు మీద గీసిన గీత. దానికి డ్రాయింగ్ లేదు.

ఇక అంకెల సంగతి. ఓడ ముక్కు దగ్గరా, నడుం దగ్గరా, తోక దగ్గరా కింద నుంచి పైకి నిచ్చెనలా అంకెలు ఉంటాయి. రేవులో ఓడల్ని చూసినవాళ్ళందరికీ తెలిసినవే. ఓడ ఎంత లోతు మునిగిందో అవి చెబుతాయి. మెట్రిక్ పద్ధతిలో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, అంకె పాదం నుంచి పై అంకె పాదానికి 20 సెంటీమీటర్లు. నీరు ఏ అంకె పాదాన్ని తాకుతుందో అదే లోతు. చూడటానికి ఇంత సులువైన గీత మరొకటి లేదు. నేను తప్పు చేసి నేర్చుకున్నది దీని దగ్గరే.

చేరిన రెండో ఏడు. అభ్యాసం కోసం మేస్త్రి గారు పక్కన పడేసిన ఒక ఒంపు ప్లేటు ముక్క ఇచ్చి దాని మీద అంకెలు వేయమన్నారు. నేను అట్టతో పది సెంటీమీటర్ల అంకెలు కోసుకుని, ప్లేటు మీద టేపు ఆనించి ఇరవై ఇరవై కొలిచి, శ్రద్ధగా సుద్దతో దిద్దాను. అంకెలు ముద్దుగా, సమానంగా వచ్చాయి. ఆయన చూసి ఏమీ అనలేదు. ఆ ముక్కని ఇద్దరి చేత మోయించి, ఓడ మీద అది ఎలా వాలి ఉంటుందో అలాగే నీళ్ళతొట్టిలో నిలబెట్టించారు. పక్కన నిలువుగా ఒక స్కేలు కట్టి, నీళ్ళు వదలమన్నారు. స్కేలు మీద 14 దగ్గరికి నీళ్ళు వచ్చేసరికి నా అంకెల్లో 20 మునగడానికి సిద్ధంగా ఉంది.

"నువ్వు ప్లేటుని కొలిచావు," అన్నారు. "నీరు ప్లేటుని చూడదురా అబ్బాయ్. అది తిన్నగా నిలబడుద్ది. ఎత్తొక్కటే దానికి తెలుసు."

ప్లేటు నిలువుకి 45 డిగ్రీలు వాలి ఉంటే, నిలువుగా 10 సెంటీమీటర్లు రావాలంటే ప్లేటు మీద అంకెని 14 సెంటీమీటర్లకి పైగా సాగదీసి గీయాలి. వాలు పెరిగేకొద్దీ ఇంకా సాగదీయాలి. తోక దగ్గర, ఓడ కిందికి వెళ్ళేకొద్దీ లోపలికి దూరిపోయే చోట, దగ్గరగా నిలబడి చూస్తే ఆ అంకెలు బక్కచిక్కి పొడుగ్గా, వికారంగా ఉంటాయి. పక్క నుంచి, దూరం నుంచి చూస్తే అన్నీ ఒకే ఎత్తు. పొరపాటు జరిగితే ఏమవుతుందో కూడా ఆయనే లెక్క వేయించారు. 130 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు ఉన్న సరుకు ఓడ ఒక్క సెంటీమీటరు ఎక్కువ మునగాలంటే సుమారు పద్దెనిమిది టన్నుల బరువు పడాలి. ఒక అంకెలో ఆరు సెంటీమీటర్ల తేడా అంటే వంద టన్నుల పైమాట. అంత సరుకు లెక్కలోంచి జారిపోతుంది, లేదా అంత బరువు తెలియకుండా ఓడ నెత్తి మీద ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. కట్టేటప్పుడు ఓడ సమంగా నిలబడి ఉండదు. నీళ్ళలోకి జారడానికి వీలుగా వాలు మీద, సుమారు ఇరవై అడుగులకి ఒక అడుగు దిగుతూ పడుకుని ఉంటుంది. తాపీమేస్త్రి తూకం గుండు, నీళ్ళ గొట్టం భూమికి లెవెల్ చెబుతాయి. ఓడకి కావలసింది తన సొంత లెవెల్. అందుకని ఆ వాలుకి సరిగ్గా సరిపోయేలా ఒక చివర సన్నంగా, ఒక చివర వెడల్పుగా చిత్రిక పట్టిన బద్ద ఒకటి ఉండేది. దాని మీద లెవెల్ పెట్టి చూసేవాళ్ళం. ఇంకా నీరు తాకని ఓడ మీద, రేపు నీరు ఎక్కడ నిలబడుతుందో ఇవాళే గీయాలి. ఆ బద్ద పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొచ్చి చెయ్యి నెమ్మదించేది.

అంకెలు అయ్యాక పేరు. ఓడ ముక్కుకి రెండు పక్కలా పేరు రాయాలి. అంకెల పాఠం నేర్చుకున్న ఉత్సాహంలో నేను పేరుని కూడా అలాగే, పక్క నుంచి చూసి సాగదీసి గీయాలనుకున్నాను. మేస్త్రి గారు ఆపారు. "పేరు ఎవరు చదువుతారు?" మనుషులు అన్నాను. "ఎక్కడ నిలబడి?" రేవు గట్టు మీద నిలబడి చదువుతారు, ఎదురుగా వచ్చే పడవలోంచి చదువుతారు, ఓడ తిరుగుతుంటే చదువుతారు. ఒక్క చోటు నుంచి మాత్రం కాదు. ఒక్క పక్కకే సరిపెట్టి సాగదీస్తే ఇంకో పక్క నుంచి అక్షరాలు లావెక్కి కనబడతాయి. అందుకని పేరుని ప్లేటు వెంటే కొలవాలి. అక్షరాలకి వాటి వెడల్పు వాటికి దక్కాలి. వరస మాత్రం డెక్కు అంచు ఎలా లేస్తే అలా దానితోపాటు లేవాలి. లేకపోతే పేరు జారిపోతున్నట్టు ఉంటుంది.

పెయింటరు పెద్ద కాగితం మీద అక్షరాలు రాసి, అంచుల వెంట సూదితో చిల్లులు పొడిచి, దాన్ని ముక్కు మీద అతికించి, సుద్దపొడి మూటతో తట్టేవాడు. కాగితం తీస్తే ఇనుము మీద చుక్కల అక్షరాలు. కాగితం ఒంపు మీద ఎక్కడ ముడత పడుతుందో అక్కడ కత్తెరతో చిన్న గాటు పెట్టి సర్దేవాడు. ఆ గాట్లు ఎక్కడ పెట్టాలో అతనికి ముందే తెలుసు. తర్వాత వెల్డరు ఆ చుక్కల వెంట సన్నటి పూస కట్టేవాడు. రంగు ఎన్నిసార్లు చెరిగినా అక్షరం దారి తప్పకుండా.

కంప్యూటరు ఒక్కరోజులో రాలేదు. ముందు గీతల్ని పదోవంతుకి గీసే పద్ధతి ప్రపంచంలోని యార్డుల్లోకి వచ్చింది. తర్వాత అంకెలతో నడిచే కోత యంత్రాలు. ఆ తర్వాత గీతలే అంకెలయ్యాయి. మా బద్ద మాత్రం ఎక్కడికీ పోలేదు, గణితంలోకి వెళ్ళింది. మేకుల మధ్య బద్ద తనంతట తాను ఎలా వంగుతుందో దాని లెక్కని ఆధారం చేసుకుని, 1946లో ఐజాక్ షోన్‌బర్గ్ అనే గణితవేత్త ఒక రకం గీతలకి స్ప్లైన్ అనే పేరే పెట్టాడు. ఫ్రాన్సులో కార్ల ఒంపుల కోసం సిట్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో 1959లోనే ఒక పద్ధతి కనిపెట్టాడు. కంపెనీ దాన్ని బయటికి రానివ్వలేదు. రెనోలో పనిచేసిన పియర్ బెజియే అలాంటి పద్ధతినే సొంతంగా తయారుచేసి లోకానికి చెప్పాడు. అందుకే ఆ గీతలకి ఆయన పేరు నిలిచింది. ఇవాళ తెర మీద వంగే ప్రతి గీతలోనూ ఆ బద్ద ఉంది. మేకులకి బదులు చుక్కలు, చేతికి బదులు మౌస్.

అది రావడం మంచిదే. వారాల పని గంటల్లో అవుతోంది. మోకాళ్ళు అరిగిపోయిన మనుషుల్ని నేను చూశాను, ఆ నొప్పిని మళ్ళీ ఎవరూ పడాలని కోరుకోను. కాని ఆ నేల మీద ఒక గీతని అయిదుగురు పట్టుకునేవారు. ఒకరు బద్ద చివర, ఒకరు మధ్యలో, ఒకరు మేకులు, ఒకరు పట్టిక చదవడం, ఒకరు కన్ను పెట్టడం. "ఇంకొంచెం నొక్కు", "వదులు", "ఆగు" అన్న కేకలు. గీత ఎందుకు అలా ఉండాలో అప్రెంటిస్ కుర్రాడికి కూడా చెవినపడేది. ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే నేర్చుకునేవాళ్ళం. తుఫాను నెలల్లో కిటికీలన్నీ బిగించి, పలకలు చెమ్మకి ఉబ్బి గీతలు కదలకుండా పొడిగుడ్డలతో నేలంతా తుడవడం అప్రెంటిస్ పని. అలా తుడుస్తూ తుడుస్తూ నేను ఓడని చదవడం నేర్చుకున్నాను. పోయిందని నేను బాధపడేది ఆ వినికిడి గురించి.

పోయిన సంక్రాంతికి మనవరాలు ఇంటికొచ్చింది. పండగపూట కూడా పని వదల్లేదు. వరండాలో కూర్చుని ఒక చిన్న ప్రయాణికుల పడవ మీద చివరి సర్దుబాట్లు చేస్తోంది. రైనో అనే సాఫ్ట్‌వేర్. వెనక నుంచి చూస్తున్నాను. గీత మీద నిలువుగా దువ్వెన పళ్ళ లాంటి పుల్లలు మొలిచాయి. "ఇవేంటమ్మా?" అన్నాను. "ఒంపు ఎక్కడ ఎంత ఉందో చెప్తాయి తాతయ్యా. పళ్ళు ఒక్కసారిగా పెరిగితే అక్కడ గీత బాగోలేదని." ఒక పన్ను పొడుచుకొచ్చింది. అక్కడ ఉన్న చుక్క ఒకటి తీసేసింది. గీత చిన్నగా కదిలి సర్దుకుంది. మూడో మేకు తియ్యి అన్న గొంతు నాకు వినబడింది.

ఇంకోచోట ఒంపుని చదును చేయడానికి అన్‌రోల్ అనే మీట నొక్కింది. వీలుకాదంది సాఫ్ట్‌వేర్. "ఒక్క దిక్కున వంగినవాటికే అది పనిచేస్తుంది తాతయ్యా. రెండు దిక్కులా వంగితే స్మాష్ అని వేరే ఉంది. దాంట్లో కొలతలు కొంచెం అటూఇటూ అవుతాయి." నేను లోపలికి వెళ్ళి, పొద్దున్న దేవుడికి కొట్టిన కొబ్బరి చిప్ప తెచ్చి ఆమె పక్కన పెట్టి, పల్లీల పొట్లం కథ చెప్పాను. ఆమె నవ్వలేదు. చిప్పని చేతిలోకి తీసుకుని వేలితో చుట్టూ తడిమి చూసింది. నాకు చాలా సంతోషమైంది.

తర్వాత అంకెల దగ్గరికి వచ్చింది. పడవ తోక దగ్గర, లోపలికి దూరిన ఒంపు మీద, సమానంగా, ముద్దుగా అంకెలు. నా రెండో ఏటి అంకెలే.

"ప్రాజెక్ట్ చేస్తే సాగిపోయి అసహ్యంగా వచ్చాయి తాతయ్యా. అందుకని ఒంపు వెంట చుట్టేశాను. బాగున్నాయి కదా?"

"ఎవరు చదువుతారమ్మా వీటిని?"

"కెప్టెన్."

"కెప్టెన్ కంటే ముందు?"

కాసేపు తెర వంక చూసింది. పడవని పక్కకి తిప్పింది. నీటిమట్టం గీతని పైకి, కిందికి జరిపి చూసింది. "నీరు," అంది. వెంటనే చుట్టిన అంకెలన్నీ తీసేసి, పక్క నుంచి సమానంగా గీసి, అడ్డంగా తిన్నగా ఒంపు మీదికి పంపింది. అవి సాగాయి, బక్కచిక్కాయి. ఈసారి ఆమె వాటిని అసహ్యం అనలేదు. పడవ పేరు దగ్గరికి వచ్చేసరికి నన్ను అడగలేదు. ఒంపు వెంటే చుట్టింది. పేరుని చదివేది మనుషులు కదా అంది.

రెండు మీటలూ ఆ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి. ఏది నొక్కినా గీత ఒంపుకి అందంగా అతుక్కుంటుంది, ఎక్కడా తప్పని చెప్పదు. మేము మోకాళ్ళ మీద పాకి నేర్చుకున్నదంతా ఆ రెండు మీటల మధ్య ఎంచుకోవడమే. గీత నీటికోసమా, కంటికోసమా? ఆ ప్రశ్న ముందు వేసుకున్నవాడి గీతే తీరైన గీత. ఇప్పుడు గీసే పిల్లలకి ఆ ప్రశ్న చెవిన వేయడానికి పక్కన ఇంకో నలుగురు ఉండరు. అందుకే దాన్ని ఇలా కాగితం మీద పెడుతున్నాను.

నెలలు గడిచాక ఆ పడవ నీళ్ళలోకి దిగింది. మనవరాలు ఫోన్‌కి ఫోటో పంపింది, మాట ఏమీ రాయకుండా. పక్క నుంచి తీసిన ఫోటో. తోక దగ్గర అంకెలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. నీరు 8 పాదాన్ని తాకి ఆగింది. నేను దాన్ని పెద్దది చేసి, ఫోన్‌ని చెంప దాకా తెచ్చుకుని, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాను.